ఏడో గింజ

ఆవిడ పోయిందని మేళా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. సరైన ఫొటో దొరకలేదు కాబోలు, ఎప్పుడో ఎవరో ఆవిడ స్టాలు బల్లని తీస్తే ఒక మూల పడిన సగం ముఖాన్ని కత్తిరించి పెట్టారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టి, పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా అలాగే నిలబడ్డాను.

ఆ సగం ముఖంలో కూడా కళ్ళు కెమెరా వైపు లేవు. బల్లకి అవతల నిలబడ్డ ఎవరో పిల్ల చేతి మీద ఉన్నాయి. ఆవిడ ఎప్పుడూ అంతే. చంకలో పిల్లతో ఎవరైనా వస్తే ముందు ఆ పిల్ల మణికట్టు చూసేది, ఆ తర్వాతే తల్లి మొహం. పిల్లలకి బంగారం ఉందేమో చూస్తోందని మొదట్లో నేను అనుమానపడ్డాను. అలా అనుకున్నందుకు ఇవాళ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

కృష్ణా జిల్లా నుంచి వచ్చి మేము కొత్తపేటలో స్థిరపడి అప్పటికి పదేళ్ళయింది. నగల పనికి మాత్రం నేను పచ్చి కొత్త. పట్టుదారం చుట్టిన గాజులు, మట్టి కాల్చి రంగులేసిన జుంకాలు చేసేదాన్ని. అపార్ట్‌మెంట్లో అందరూ "ఎంత బాగున్నాయండీ" అన్నారు. అన్నవాళ్ళలో ఒక్కరూ కొనలేదన్న సంగతి నా బుర్రకి అప్పుడు తట్టలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో మూడు రోజుల హస్తకళల మేళా అనగానే ఎగేసుకుంటూ పోయి బల్ల తీసుకున్నాను.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. పొద్దున తిరిగిన బస్సు మధ్యాహ్నానికి తిరుగుతుందో లేదో తెలిసేది కాదు. హాలు ముందు రోడ్డు మీద రోజుకి రెండు ఊరేగింపులైనా పోయేవి. డప్పులు దగ్గరవుతుంటే లోపల మాటలు ఆగేవి, దూరమయ్యాక మళ్ళీ మొదలయ్యేవి. నాతో ఎవరూ ఒక్క మాట తప్పుగా అన్నది లేదు, నిజం చెప్పాలి. అయినా "ఎంతండీ" అని ఎవరైనా అడిగితే గొంతు తగ్గించి జవాబు చెప్పేదాన్ని. నా యాసని నేనే చీర చెంగులో దాచుకుని తిరిగాను.

నా పక్క బల్ల ఆవిడది. నల్గొండ వైపు పల్లె. ఎల్‌బీ నగర్లో ఎక్కడో లోపల ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. యాభై ఉంటాయేమో. బొట్టుండదు, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. రాగానే బల్ల మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. తర్వాత బొడ్లో దోపుకున్న చిన్న రేకు డబ్బా తీసేది. దాన్నిండా గురివింద గింజలు. ఆవిడ గురిగింజలనేది. లక్కని వేడిచేసి బిళ్ళలా అద్ది, మెత్తగా ఉండగానే వాటిని ఒక్కొక్కటే పొదిగేది. పతకాలు, దుద్దులు, గాజులు అన్నీ ఆ ఎరుపూ, ఆ నల్ల చుక్కలూ. వందల కళ్ళు బల్ల మీంచి మనల్నే చూస్తున్నట్టుండేది. నాకు కొంచెం గుబులుగానే ఉండేది కానీ జనం మాత్రం ఆగేవారు.

నా బల్ల దగ్గర మొదటిరోజు ఒంటిగంట దాకా ఒక్క మనిషి ఆగలేదు. ఆవిడ చేతిలో పని ఆపకుండానే అంది.

"గంత సాఫ్‌గ పెడ్తె ఎవ్వలు ముట్టరు బిడ్డా. జర చెదరగొట్టు."

"చెదరగొట్టడమేంటక్కా?"

"ముడితే ఖరాబైతదేమో అని భయపడ్తరు. ఇంకెవలో అప్పుడే ముట్టిపోయినట్టుండాలె."

తనే లేచి వచ్చి, నేను గంటసేపు సర్దుకున్న జుంకాల్లో రెండింటిని అడ్డదిడ్డంగా పడేసి పోయింది. నాకు ఒళ్ళు మండింది. పది నిమిషాల్లో ఒకామె వచ్చి ఆ రెండే సరిచేసింది. సరిచేసి కొనుక్కుంది.

"చేతిల ఏదన్న పని పెట్టుకో" అంది ఆవిడ. "నువ్వు గట్ల వాళ్ళ మొహాలు చూస్కుంట కూసుంటే పరేషానై పారిపోతరు."

ఇంత తెలిసిన మనిషి ఒక్కచోట మాత్రం బేరం చెడగొట్టుకునేది. ఏది కొన్నా పొట్లం కడుతూ పేరడిగేది, ఊరడిగేది, ఏ కాలనీ అని అడిగేది. అసలే ఊరడిగితే జనం అనుమానంగా చూసే రోజులు. "ఎందుకండీ?" అని కొందరు ముఖం ముడుచుకునేవారు. "ప్రార్థనల యాది చేస్కుంట" అనేది. ఒకరిద్దరు వస్తువు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయారు కూడా.

"మీరు నగలమ్ముతున్నారా అక్కా, జనాభా లెక్కలు రాస్తున్నారా?" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

కాలేజీ అమ్మాయిలు గుంపుగా వస్తే మాత్రం పని ఆపి చూసేది. "మా పిల్లకు గింతే వయసుంటది. ఇయ్యేడు ఇంటర్" అంది ఒకసారి. ఏ కాలేజీ అన్నాను. "ఏదో ఒక కాలేజి" అని మళ్ళీ తల వంచుకుంది. కన్నకూతురి కాలేజీ తెలియని తల్లి ఉంటుందా అని నాకు వింతగా అనిపించింది. అప్పులోళ్ళ దగ్గర అడ్రస్ దాచినట్టు దాస్తోందేంటి అనుకున్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ పూజాసామాన్ల కొట్లో గురివింద గింజలు కొన్నాను. ఆవిణ్ణి చూసే కొన్నాను, అబద్ధమెందుకు. పిల్లల తల్లులు చాలామంది వచ్చి ఊరికే పోతున్నారు కదా, పసివాళ్ళ చేతులకి దిష్టి పట్టీలు చేస్తే? మా వైపు గురివింద దిష్టికి మంచిదంటారు. నల్లపూసల మధ్య ఏడేసి గురివిందలు, సాగే దారం. గింజ రాయిలా ఉంది, సూది దిగలేదు. పటకారుతో సూది పట్టుకుని గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి పొడిచాను. చుయ్‌మని దిగింది. ఆవిడ ఇన్నేళ్ళుగా లక్కలో అతికిస్తూ కూర్చుంది కానీ చిల్లు పెట్టే ఉపాయం తట్టలేదే అని నవ్వుకున్నాను. ఆవిణ్ణి అడిగితే తన దగ్గర నేర్చుకున్నట్టవుతుంది, అడక్కుండా చేస్తే నా తెలివనిపించుకోవచ్చు. అదీ నా లెక్క. అయిదు పట్టీలయ్యాయి.

రెండో రోజు పొద్దున్నే ఆవిడ బల్ల ఖాళీగా ఉంది. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో అని, అటు నుంచి బస్సులు రావట్లేదని చెప్పుకుంటున్నారు. తను వచ్చేలోపే ఒకటైనా అమ్మి చూపించాలని నాకు పంతంగా ఉంది. అనుకున్నట్టే ఒకమ్మాయి వచ్చింది, చంకలో పది నెలల పాప. పసుపుపచ్చ గౌను, కింద రెండు పళ్ళు.

"దిష్టికా అక్కా? మంచిగున్నయే" అంది ఆ అమ్మాయి. "జల్ది ఇయ్యుండ్రి, ఎల్‌బీ నగర్ల సూర్యాపేట బస్సు దొరుకుతదో లేదో."

పాప ఎడమచేతికి నేనే తొడిగాను. తొడగ్గానే పాప ఆ చెయ్యి తీసుకెళ్ళి నోట్లో పెట్టుకుంది. నేనూ, ఆ తల్లీ ఇద్దరం నవ్వుకున్నాం. పేరడగలేదు.

ఆవిడ గంటన్నర తర్వాత వచ్చింది, అంత దూరమూ నడిచి. చెమట తుడుచుకుంటూ నా బల్ల వైపు చూసి ఆగిపోయింది. మిగిలిన నాలుగు పట్టీల్లో ఒకటి తీసి కంటి దగ్గరగా పెట్టుకుని ట్యూబులైటు వైపు తిప్పి చూసింది. ప్రార్థన చేసుకోలేదు.

"సూదితోని పొడిచినవా?"

"అవునక్కా, కాల్చి..."

"ఎవలకన్న అమ్మినవా?"

"ఒకటి. పసిపాపకి. దిష్టికని."

ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. 

"గురిగింజ విషం బిడ్డా. పైన తోలు చెదరకుంటే మింగినా మింగినట్టే పోతది. సూది పోటు పడ్డదైతే నమలకున్నా సరే, చీకితే చాలు, విషం కడుపులకు దిగుతది. అందుకే నేను చిల్లి పెట్ట. నడువు."

ఎదురు బల్లాయనకి ఒక మాట చెప్పి, పాప గౌను రంగూ, ఏ చేతికి తొడిగానో, ఎల్‌బీ నగర్లో సూర్యాపేట బస్సెక్కుతామన్న సంగతీ ఆవిడకి చెబుతూనే రోడ్డెక్కాను. ఆటోలు లేవు, బస్సులు లేవు. షట్టర్లు దింపిన చైతన్యపురి గుండా ఆవిడ ముందు, నేను వెనక. యాభయ్యేళ్ళ మనిషి, నేను పరుగెత్తితే తప్ప అందలేదు. విషమైతే పాప ఈపాటికే ఏడుస్తూ ఉండేది కదా అని నాకు నేనే ధైర్యం చెప్పుకుంటూ పైకి అనేశాను.

"ఏడ్వది" అంది ఆవిడ వెనక్కి చూడకుండా. "గదే దాని గుణం. ఇయ్యాల నవ్వుతది, పాలు తాగుతది, ఆడుకుంటది. రేపు వాంతులు. ఎల్లుండి దాక ఏం చెప్పరాదు."

 కొత్తపేటలో మా సందు వచ్చింది. ఒక్క క్షణం ఆ సందులోకి తిరిగి, ఇంట్లోకి పోయి తలుపేసుకుందామనిపించింది. సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. ఆవిడకి తెలిసిందేమో, నా చెయ్యి పట్టుకుంది. పట్టుకునే చెప్పింది.

"మా పిల్ల, మా పిల్ల అంట గదా. నాకు పిల్లల్లేరు."

నేను నడుస్తూనే ఆవిడ ముఖంలోకి చూశాను.

"నీ లెక్కనే కొత్తగ మొదలువెట్టిన నాడు జాతరల కూసున్న. గిట్లనే పొడిచి, గొలుసు గుచ్చి, ఒక పసిపిల్లకు అమ్మిన. పదిహేను రోజులకు ఒక ముసలాయన చూసి చెప్పిండు గిది విషమని. ఎవలకు అమ్మిన్నో పేరడగలే. ఊరడగలే. గప్పటికేలి ఏ జాతరకు పోయినా పిల్లల మెడలు చూస్త, చేతులు చూస్త. బతికే ఉన్నదనుకుంట. అనుకొని, ఏటేట దానికి ఒక ఏడు కలుపుత. ఇయ్యేడు ఇంటర్."

నేను నడక ఆపేశాను. ఆవిడ మాత్రం నా చెయ్యి వదలకుండా నడిపించింది.

ఎల్‌బీ నగర్ చౌరస్తా నిండా జనం. విజయవాడ రోడ్డుకి అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు, రోడ్డు మీదే వండి రోడ్డు మీదే తినడమన్నమాట. గంగాళాల్లో అన్నం ఉడుకుతోంది. పొగలో జెండాలు, డప్పులు, మైకులో నినాదాలు. ఆ వెనక కదలకుండా ఆగిపోయిన బస్సులు, కనుచూపుమేర. ఆ అడ్డు లేకపోతే సూర్యాపేట బస్సు ఎప్పుడో వెళ్ళిపోయి ఉండేది. పొద్దుట్నుంచీ రాస్తారోకోని తిట్టుకుంటున్న నేను దానికి మనసులో దండం పెట్టాను.

"నువ్వు నోరు తెరవకు" అని ఆవిడ తిన్నగా మైకు దగ్గరికి పోయింది. ఒక కుర్రాడు "పెద్దమ్మా, స్పీచిస్తవా?" అన్నాడు నవ్వుతూ.

"స్పీచు కాదు కొడుకా. పసిపిల్ల పానం" అని మైకు అందుకుంది.

"బస్సులల్ల కూసున్నోళ్ళు ఇనుండ్రి. పసుపుపచ్చ గౌను తొడిగిన పసిపిల్ల. ఎడమచేతికి గురిగింజల పట్టి ఉన్నది. గది విషం. ఓ తల్లీ, ఏ బస్సుల ఉన్నా ముందుగాల పిల్ల చెయ్యి నోట్లకేలి తియ్యి."

డప్పులు ఆగిపోయాయి. గంగాళంలో తెడ్డు తిప్పుతున్నతను కూడా ఆపేశాడు. అంత జనంలో అన్నం కుతకుత ఉడుకుతున్న చప్పుడు వినబడింది. పదిమంది కుర్రాళ్ళు బస్సుల వెంట పరుగెత్తారు. కాసేపటికి దూరం నుంచి ఒకడు కండువా ఊపాడు.

"నువ్వు గీడనే ఉండు" అని ఆవిడ ఒక్కతే ఆ బస్సు వైపు వెళ్ళింది.

నేను పొయ్యిల పక్కన నిలబడ్డాను. ఎవరో కుర్రాడు నా చేతిలో విస్తరాకు పెట్టి అన్నం వడ్డించాడు. "తినక్కా. ఏ ఊరు?"

"కొత్తపేట" అన్నాను. ఒక్క మాటే అయినా నా యాస నాకే ఖంగుమంది.

అతను నవ్వి, ఇంకో గరిటెడు వేసి వెళ్ళిపోయాడు. ఒక్క మెతుకు నోట్లోకి పోలేదు.

ఎంతసేపయిందో, ఆవిడ వచ్చింది. చేతిలో పేపరు ముక్క మడత. దాన్ని కొంచెం విప్పి చూపించింది. నా పట్టీ. దారానికి ఆరు గింజలు, పక్కన విడిగా ఒకటి.

"ఏడు. సరిపోయినయ్. ఒకటి ఊడి సీటు కింద పడ్డది" అంది. "పిల్ల నవ్వుతున్నది. ఇంక నువ్వు పో."

అక్కడే, ఆ రోడ్డు మీద, ఆవిడ భుజం మీద పడి ఏడ్చేశాను. ఆవిడ పొట్లం మళ్ళీ మడిచి నా గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూసింది.

"మల్ల విప్పకు. పొయ్యిల వెయ్యకు. దాచిపెట్టుకో. ఇసొంటి పని మల్ల చెయ్యబుద్ధయితే యాదికొస్తది. నేను గీళ్ళతోని పోతున్న, గటు దిక్కు నాకు పనున్నది."

కొంత దూరం వచ్చాక ఒకసారి వెనక్కి తిరిగాను. ఆవిడ పాపని భుజానేసుకుని బస్సు దిగుతోంది. వెనకాల ఆ తల్లి చెప్పుల్లేకుండా పరుగెత్తుతోంది. కుర్రాళ్ళు గంగాళాలు పక్కకి జరిపి దారి చేస్తున్నారు. బస్సులో ఉక్కపోతకి పాప ఏడుస్తోంది కాబోలు, నీడకి తీసుకెళ్తున్నారనుకున్నాను. అలా అనుకోవడం నాకు చాలా అవసరమైంది.

మూడో రోజు ఆవిడ బల్ల దగ్గరికి రాలేదు. నాలుగు నెలల తర్వాత సరూర్‌నగర్‌లో ఇంకో మేళాలో కనిపించింది. బాగా చిక్కింది.

"ఆ పాప బాగుందా అక్కా?"

"మంచిగున్నది" అంది, రేకు డబ్బా మూత తీస్తూ.

ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది, మెట్రో వచ్చింది, నా గొంతు మామూలైంది. ఏడాదికి రెండుసార్లయినా పక్కపక్క బల్లలు తీసుకునేవాళ్ళం. ఆవిడ మాటల్లో ఒక్కటే మారింది. అంతకుముందు "మా పిల్ల" అనేది, ఇప్పుడు "పెద్దది", "చిన్నది" అనేది. పెద్దదాని డిగ్రీ అయిపోయింది. చిన్నది బళ్ళో చేరింది. పెద్దదానికి సంబంధాలు చూస్తున్నారు. చిన్నది మూడో తరగతి. వింటుంటే నాకు ఎంత హాయిగా ఉండేదో. చిన్నదంటే నేను పట్టీ తొడిగిన పాపే కదా, వాళ్ళతో రాకపోకలున్నాయి కాబోలు అనుకునేదాన్ని. సూర్యాపేటలో వాళ్ళది ఏ వీధి అని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాల్సిన అవసరం నాకు లేకుండా చేసింది ఆ పొట్లం.

నిన్న, పాలు పొంగిన పొయ్యి తుడిచాక, పాత తాళాలు వేసుకునే స్టీలు డబ్బాలోంచి ఆ పొట్లం తీశాను. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. పేపరు పసుపెక్కి మడతల దగ్గర చిరిగింది. కిటికీ దగ్గర కూర్చుని, ఆవిడ చూసినట్టే, ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చూశాను.

దారానికున్న ఆరు గింజలకీ నేను పొడిచిన చిల్లులున్నాయి, అంచుల్లో మసి. ఒకటి రెండు బీటలు కూడా ఇచ్చాయి. విడిగా ఉన్న ఏడో గింజకి చిల్లు లేదు. తిప్పి తిప్పి చూశాను, గోటితో గీకి చూశాను. నున్నగా, కొత్తగా, ఎర్రగా ఉంది.

అది నా గింజ కాదు. ఆవిడ రేకు డబ్బాలోది.

నా గింజ సీటు కింద దొరకలేదు. ఎక్కడికి పోయిందో ఆవిడకి ఆ బస్సులోనే తెలుసు. తెలిసే పాపని ఎత్తుకుని దవాఖానకి పరుగెత్తింది. మూడు రోజులు ఎక్కడుందో, ఏం చూసిందో, ఏ తల్లి కాళ్ళ దగ్గర కూర్చుందో నాకు చెప్పలేదు. తన బొడ్లోని గింజ ఒకటి నాకిచ్చి, నన్ను ఇంటికి పంపించేసింది. తనలాగా నేను బతకకూడదని. నేను హాయిగా బతికాను కూడా. పధ్నాలుగేళ్ళు కడుపునిండా తిని నిద్రపోయాను. నా తప్పుని ఆవిడ మోస్తుంటే పక్క బల్ల మీద కూర్చుని జుంకాలు అమ్ముకున్నాను.

చిన్నది నిజంగానే బళ్ళో చేరిందో, లేక పెద్దది ఇంటర్ చదివినట్టే చదివిందో, చెప్పగలిగిన మనిషి ఇప్పుడు లేదు. అడగడానికి ఆ తల్లి పేరు కూడా నాకు తెలియదు.

ఇవాళ మేళాలో జడ వేసుకున్న ఒకమ్మాయి వాళ్ళమ్మతో వచ్చి గాజులు చూసింది. నేను ముందు ఆ పిల్ల ఎడమచెయ్యి చూశాను. పొట్లం కడుతూ పేరడిగాను, ఊరడిగాను. ఎందుకండీ అన్నారు. ప్రార్థన చేసే అలవాటు లేదు నాకు.

మా చిన్నదానికి ఇంతే వయసండీ, ఈ ఏడు పదో తరగతి రాస్తుంది అన్నాను.